ఆకు రాలితే

చెంగయ్య చేసిన తప్పల్లా మిట్టమధ్యాహ్నం చింతచెట్టుకు నీళ్లు పోయడమే.

చెట్టంటే మరీ చెట్టేమీ కాదు. మూరెడెత్తు కూడా లేదు. వెడల్పాటి మట్టిమూకుడులో, నాచు పట్టిన రెండు గుప్పెళ్ల మన్నులో, ముసలిమానులాగా మొదలు బలిసి, కొమ్మలు వంగి, గింజల్లాంటి చిన్న చిన్న ఆకులతో నిలబడి ఉంటుంది. ఎండకు ఆ ఆకులు ముడుచుకుపోవడం చూసి చెంగయ్యకు జాలేసింది. మిల్లు నుంచి అన్నానికి వచ్చినవాడు బావిలోంచి చల్లటి నీళ్లు తోడి చెట్టు మొదట్లో పోశాడు. ఆ చేతులే కడుక్కొని వసారాలో కూర్చున్నాడు. వదిన తాయమ్మ సంగటి పెట్టింది. మొదటి ముద్ద ఊరిబిండి పచ్చడిలో అద్దుకునేలోపే వెనకనుంచి వెదురుబెత్తం వీపు మీద పడింది.

"ఎవురు పోసినారు నీళ్లు?"

"నేనే అన్నా. వాడిపోతా ఉంటే..."

రెండో దెబ్బ మెడ మీద పడింది. మూడోది చెవిని చీల్చింది. మునిరత్నం కొడుతూ ఏదో లెక్కపెడుతున్నాడు. తెలుగు కాదు, అరవం కాదు. "ఇచి... ని... సన్..." అని ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క మాట, గొంతు పెంచకుండా, తూకం వేసేవాడిలాగా. తాయమ్మ మధ్యలోకి దూరి బెత్తం పట్టుకోబోయింది. అది ఆమె మణికట్టు మీద పడి గాజులు పగిలాయి. పగిలిన ముక్కలు చర్మంలో దిగాయి. అతను ఆమెను చూడనైనా లేదు. లెక్క పది దాకా వెళ్లాక ఆగాడు. బెత్తం చూరులో దోపి పెరట్లోకి వెళ్లాడు. చింతమూకుణ్ణి రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డ నోట్లోంచి కక్కిన పాలు తుడిచే తల్లిలాగా మెల్లగా ఒకపక్కకు వంచి, మిగిలిన నీళ్లు వొంపేశాడు.

చెంగయ్య ఇరవైనాలుగేళ్లవాడు. మిల్లులో వేరుశనగ మూటలు మోసి మోసి ఇనుములాగా ఉన్నాడు. అన్న బక్కప్రాణం. ఒక్క తోపు తోస్తే గోడకు అతుక్కుపోయేవాడు. కానీ తండ్రి పోయినప్పటినుంచి సాకిన అన్న. నాలుగేళ్లు చచ్చిపోయాడనుకుంటే తిరిగివచ్చిన అన్న. చెయ్యి ఎత్తలేకపోయాడు. చెవినుంచి రక్తం సంగటిలో కారుతుంటే తట్ట పక్కకు నెట్టి లేచాడు.

"వదినా, ఈయన మా అన్న కాదు. మాయన్న ఆ దేశంలోనే సచ్చిపోయినాడు. వచ్చినేది ఇంకెవురో," అన్నాడు.

తాయమ్మ మణికట్టులోంచి గాజుముక్కలు తీసుకుంటూ కూర్చుంది.

యుద్ధానికి ముందు మునిరత్నం తిరుపతికీ చంద్రగిరికీ మధ్య బస్సు తోలేవాడు. తోలుతూ పాటలు పాడేవాడు. మార్కెట్టుకు పోయే ముసలమ్మల గంపలు తనే దించేవాడు. మిలిటరీలో లారీ డ్రైవర్లు కావాలంటే పేరు రాయించుకొని సింగపూరు వెళ్లాడు. సింగపూరు జపానువాళ్ల వశమయ్యాక కబురు ఆగిపోయింది. మెడలో తాళి తియ్యాలో ఉంచాలో ఎవరూ చెప్పలేదు. తాయమ్మ తీయలేదు. మిల్లులో కాయలు ఒలిచి, మరిదితో కలిసి ఇల్లు నెట్టుకొచ్చింది. నలభై ఆరు మాఘమాసంలో ఎవరో పీక్కుపోయిన మనిషి, మిలిటరీ సంచి భుజాన వేసుకొని, చంద్రగిరి కోటవీధి వెంట నడిచివచ్చి ఆ గడప ముందు ఆగాడు. ఎవరు కావాలని అడిగింది తాయమ్మ.

మొదట్లో అతను మాట్లాడేవాడే కాదు. వసారా మూల గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. వంటింట్లో గిన్నె జారి పడితే చటుక్కున లేచి రెండు చేతులూ తొడలకు ఆనించి నిటారుగా నిలబడేవాడు. తాయమ్మ వచ్చి "ఏమీలేదయ్యా, గిన్నె పడింది" అని చెప్పేదాకా అలాగే నిలబడేవాడు.

ఒకరోజు కోటవైపు వెళ్లి తువ్వాలులో ఏదో చుట్టుకొని వచ్చాడు. పాత మహలు గోడ పగుల్లో మొలిచిన జువ్వి మొక్క అది. ఎన్నేళ్లనుంచి ఉందో, జానెడుకు మించి ఎదగలేదు. వేళ్లు రాతిసందులో పడి పాముల్లా మెలికలు తిరిగాయి.

"మన్ను లేక ఎదగలా. అయినా సావలా సూడు," అన్నాడు. వచ్చినప్పటినుంచి అతను తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది. తాయమ్మకు ప్రాణం లేచివచ్చినట్టయింది. కుమ్మరి దగ్గరికి తనే వెళ్లి లోతులేని మూకుళ్లు తెచ్చింది. చెరువు ఒండ్రు తెచ్చింది. ఇటుకముక్కలు దంచి పొడి చేసి ఇచ్చింది.

అతని చేతులకు ఆ పని బాగా తెలుసు. మూకుడుకు అడుగున బెజ్జం పెట్టి, మొక్క తల్లివేరును ఉలితో నరికి, పక్కవేళ్లు పరిచి, మన్ను అదిమాడు. కొమ్మలకు రాగితీగ చుట్టి, విరుగుతుందా అనిపించేదాకా వంచాడు. తీగ బెరడును కోసుకొని లోపలికి దిగేది. పాలు కారేవి. ఏడాది తిరిగేసరికి పెరట్లో బావి పక్కన రాతిబండల మీద జువ్వి, చింత, రావి, వేప వరసగా నిలిచాయి. ఒక్కో చెట్టుకు ఒక్కో చీపురుపుల్ల. శుక్రవారం పొద్దున పుల్ల ఆనించి ఎత్తు చూసి గాటు పెట్టేవాడు. గాటు దాటి ఎదిగిన చిగురును గోటితో గిల్లేసేవాడు.

మొదట అంతా అతనే చూసుకునేవాడు. తర్వాత తాయమ్మకు, చెంగయ్యకు వంతులు పెట్టాడు. నీళ్లు పొద్దు పొడవకముందే పోయాలి. ఎండ అన్నివైపులా తగిలేలా మూకుడును రోజూ కాస్త తిప్పాలి. రాలిన ఆకు ఊడ్చిపారేయకూడదు, అతనికి చూపించాలి. పండిన ఆకు అయితే సరే. పచ్చి ఆకు రాలితే ఆ రోజు వంతు ఎవరిదో వాళ్ల చెంప పగిలేది. చెంపదెబ్బలు చాలవనుకున్నాడేమో, తర్వాత బెత్తం వచ్చింది.

చెంగయ్య చెవి చీలిన ఏడే కార్తీకంలో పట్టిన ముసురుకు గాలి లేచి వేపమూకుడు బండమీదినుంచి దొర్లింది. మూకుడు పగల్లేదు కానీ ఒక కొమ్మ విరిగింది. ఆ రోజు వంతు తాయమ్మది. మునిరత్నం మూకుణ్ణి ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు.

"తలమింద ఎత్తి పట్టుకో. దించితే పదీ."

వానలో నిలబెట్టాడు. నీళ్లు తాగి మూకుడు బరువెక్కుతూ పోయింది. భుజాలు మండి, తర్వాత మొద్దుబారి, తర్వాత చేతులు తనవి కానట్టయిపోయాయి. పక్కింటి సంతోషమ్మ గోడమీదినుంచి చూసి కేకలు వేసింది.

"ఏం మనిషివబ్బా నువ్వు? పెండ్లాన్ని అట్ల నిలబెడతావా? దేవుడు సూస్తా ఉండాడు!"

మునిరత్నం రాయి తీసి విసిరాడు. అది గోడకు తగిలి ఎగిరి సంతోషమ్మ నుదుటిని గీరుకుపోయింది. ఆమె శాపనార్థాలు పెడుతూ లోపలికి పరుగెత్తింది. కాసేపటికి తాయమ్మ మోకాళ్లు వంగాయి. చేతులు దిగాయి. పది దెబ్బలూ పడ్డాయి, ఆ పరాయి లెక్కతో సహా.

సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర బోర్లా పడుకొని ఉంటే అతను గడపలో కూర్చున్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. చలి అనుకుంది ఆమె. తల తిప్పి చూస్తే చలి కాదు. అతని కళ్లు వీధి తలుపు మీదే ఉన్నాయి. తలుపు ఇప్పుడో ఇంకాసేపటికో తెరుచుకుంటుందని, ఎవరో వస్తారని కాచుకున్నట్టుంది.

"ఎవురికోసరం సూస్తా ఉండావు?" అంది.

"కొమ్మ ఇరిగింది కదా," అన్నాడు. "ఆకు రాలకుండా ఉంటే కొట్టరు తాయీ. చెట్లు బాగుంటే ఎవురినీ కొట్టరు."

"ఎవురు కొట్టరు? ఈడ కొట్టేది నువ్వే కదయ్యా!"

అతనికి ఆ మాట అర్థమైనట్టు లేదు.

తన మొగుడిది కోపం కాదని, భయమని తాయమ్మకు ఆ రోజు తెలిసింది. తెలిసినంత మాత్రాన వీపు మీద వాతల మంట తగ్గలేదు. భయపడినవాడి చేతి దెబ్బ కోపం వచ్చినవాడి దెబ్బకంటే గట్టిదని కూడా అప్పుడే తెలిసింది. కోపం తగ్గుతుంది. అతని భయం ఏ వేళా తగ్గేది కాదు.

దాంతో ఆమె చెట్ల పని నేర్చుకుంది. మూకుడు ఎత్తి చూస్తే చాలు, దాహంగా ఉందో లేదో చేతికి తెలిసేది. రావికి నీరు ఎక్కువైతే ఆకు అంచు నల్లబడుతుందని, తీగ ఎప్పుడు విప్పకపోతే కొమ్మ కోసుకుపోతుందో కనిపెట్టింది. వేపపిండి ఎంత చల్లితే పురుగు పట్టదో కనిపెట్టింది. ఆమె వంతు రోజున ఆకులు రాలడం తగ్గింది. ఒక తెల్లవారుజామున నీళ్లు చల్లుతూ జువ్విచెట్టు బాగుంది అనుకుంది. వెంటనే తనమీద తనకే అసహ్యం వేసింది. చెంగయ్య చెవి తమ్మె ఇంకా రెండుగా వేలాడుతూనే ఉంది.

మరుసటి ఎండాకాలంలో గూడూరు నుంచి ప్రేమానందం వచ్చాడు.

అతనూ మునిరత్నం ఒకే పటాలంలో లారీలు తోలారు, ఒకే శిబిరంలో జపానువాళ్ల ఖైదులో ఉన్నారు. ఇప్పుడు గూడూరు జంక్షన్లో రైల్వే పని చేస్తున్నాడు. మోకాలు సరిగా వంగదు, కుంటుతాడు. గడపలో అతన్ని చూడగానే మునిరత్నం పరుగున వెళ్లి కావలించుకున్నాడు. పెళ్లయిన కొత్తలో విన్న నవ్వు తాయమ్మకు మళ్లీ వినపడింది. కోడిని కోసి కూర వండింది. ఇద్దరూ ఒకే ఆకులో చేతులు పెట్టి తిన్నారు. చెంగయ్య కూడా చాలా రోజులకు అన్న పక్కన కూర్చొని తిన్నాడు.

చేతులు కడుక్కోవడానికని ప్రేమానందం పెరట్లోకి వెళ్లాడు. చెంబు పట్టుకొని అక్కడే నిలబడిపోయాడు.

"ఏందిరా ఇవి?"

"చెట్లు," అన్నాడు మునిరత్నం వెనకే వచ్చి. గొంతులో గర్వం పట్టలేకుండా ఉంది. "ఇది జువ్వి. కోట గోడలోది. మొదలు సూడు, పిడికిట్లో పట్టదు. ఆ దొర మెట్లమింద ఉన్నేదానికంటే బాగుండాది."

ప్రేమానందం చెంబు బండ మీద పెట్టేశాడు. అతను మునిరత్నం వైపు కాకుండా తాయమ్మ వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, నీకు సెప్పినాడా ఇవి యాడివో?"

"లేదన్నా."

"ఒద్దురా," అన్నాడు మునిరత్నం.

"ఆడ ఒక చీనా సావుకారి బంగళా ఉన్నింది. వాళ్లని ఎళ్లగొట్టి జపాను ఆఫీసరు సేరినాడు. బంగళా మెట్లమింద ఇట్లాంటి చెట్లు. నీళ్లు పోసే పని నగరి పిల్లోడు ఆదికేశవులుది. సేనేతోళ్ల బిడ్డ. మగ్గం తప్ప మొక్క ఎరగడు వాడు. ఒక పొద్దు ఒక కొమ్మ ఎండింది. మమ్మల్నందుర్నీ మోకాళ్లమింద కూసోబెట్టి, సేతులు తలమింద పెట్టించి, మా ముందర వాణ్ని కొట్టినారు. పది లెక్కబెట్టేది, ఆపేది. మళ్లా పది. నీళ్లు అడిగినాడు చెల్లెమ్మా. నీళ్లు తెచ్చి ఆ చెట్టుకు పోసినారు. పొద్దుగూకేలోపల సచ్చిపోయినాడు. మర్నాడు ఆ పని వీడికిచ్చినారు."

"బాగా సూసుకున్యాను," అన్నాడు మునిరత్నం. "బాగా సూసుకున్యాను కాబట్టే బతికినాను. ఒక్క ఆకు రాలనియ్యలా."

"ఇంటికొచ్చి కూడా పెట్టుకున్యావా ఆ పీడని? ఆదికేశవులు పానం తీసినేదానికి నువ్వు మన్నేసి పెంచుతావా?"

ప్రేమానందం జువ్విమూకుడును రెండు చేతులా ఎత్తాడు. తాయమ్మ "అన్నా, వద్దు" అని అరిచేలోపే బట్టలుతికే బండకేసి కొట్టాడు. మూకుడు పెంకులు పెంకులయింది. మన్ను చెల్లాచెదురుగా పడింది. తెల్లటి వేళ్లు బయటపడి చెట్టు పక్కకు ఒరిగింది.

మునిరత్నం నోటినుంచి మనిషి గొంతులా లేని అరుపు ఒకటి వచ్చింది. వంగి పెంకు ఒకటి తీసుకొని ప్రేమానందం ముఖానికేసి కొట్టాడు. కనుబొమ్మ నుంచి దవడ దాకా చీలింది. ప్రేమానందం కన్ను మూసుకొని వెనక్కి తూలాడు, అయినా తేరుకొని ఎదురు తిరిగాడు. పిడికిలితో మునిరత్నం దవడ మీద గుద్దాడు, పళ్లు కదిలిపోయేంతగా. ఇద్దరూ కలబడి బండల మీద పడ్డారు. రావి పడింది, వేప పడింది. చెంగయ్య అన్నను వెనకనుంచి పట్టుకొని లాగబోతే మోచేత్తో కడుపులో పొడిచాడు. అతను ఊపిరాడక బావి వరల మీద వాలిపోయాడు.

మునిరత్నం లేచాడు. గోడకు ఆనించి ఉన్న గడ్డపార అందుకున్నాడు.

"ఇచి," అన్నాడు.

ఆ మాట వినగానే ప్రేమానందం ఎత్తిన చెయ్యి దిగిపోయింది. పారిపోలేదు. ఎదురు తిరగలేదు. వంగని మోకాలును ఎలా వంచాడో, రెండు మోకాళ్ల మీదా కూర్చుండిపోయాడు. రక్తం కారుతున్న ముఖం దించుకొని రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

"ని," అన్నాడు మునిరత్నం. గడ్డపార రెండు చేతులా పైకి లేచింది.

తాయమ్మ వసారాలోంచి రోకలి తెచ్చింది. ఎప్పుడు వెళ్లిందో, ఎప్పుడు తెచ్చిందో ఆమెకే తెలియదు. వడ్లు దంచేటప్పుడు ఎత్తినంత ఎత్తు ఎత్తి మొగుడి కుడిచేతి మీద వేసింది. ఎండుకట్టె విరిగిన చప్పుడయింది. గడ్డపార ప్రేమానందం భుజం పక్కన నేలలో దిగబడింది. మునిరత్నం తన చేతిని చూసుకున్నాడు. మోచేతికీ మణికట్టుకూ మధ్య అది వంగకూడని చోట వంగి ఉంది. తర్వాత పెళ్లాం వైపు చూశాడు.

రోకలి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఇంగో సెయ్యి ఎత్తితే అదీ ఇరస్తా," అంది తాయమ్మ. "వాళ్లు ఈడ లేరు. ఈడ ఉండేది నేను. కొట్టాలంటే నన్ను దాటి కొట్టు."

అతను అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాడు.

చెంగయ్య జట్కా మాట్లాడి ప్రేమానందాన్ని తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయాడు. కన్ను దక్కలేదు. ఎవరు కొట్టారని పోలీసు వచ్చి అడిగితే, తాగి కుండపెంకుల మీద పడ్డానని ప్రేమానందం చెప్పాడు. అతను జన్మలో తాగినవాడు కాడు. ఆసుపత్రినుంచి చెంగయ్య ఇంటికి తిరిగి రాలేదు. రేణిగుంటలో రైలు సరుకు దించే పనికి కుదిరానని కబురు పెట్టాడు. "మా అన్న సేతికింద ఇంగ ఉండను వదినా, సంపుతాడు, లేకుంటే నేను సంపుతాను," అని కబురు తెచ్చినవాడు చెప్పాడు.

కొట్లాట జరిగిన మర్నాడు పొద్దున తాయమ్మ మొగుణ్ణి రైలెక్కించి పుత్తూరు తీసుకుపోయింది. దారంతా అతను కిటికీ కమ్మీ పట్టుకొని మూలుగుతూనే ఉన్నాడు. ఎముకలు కట్టేవాళ్ల వసారాలో ఒకతను ఎముకను లాగి కూర్చి, ఆకుపసరు రాసి, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి గుడ్డతో బిగించాడు. ఎట్లా విరిగిందని అడిగాడు.

"నేనే కొట్టినాను," అంది తాయమ్మ.

అతను ఒకసారి ఆమె ముఖం చూసి, మణికట్టు మీద గాజుల మచ్చలు చూసి, కట్టు ముడి వేశాడు. నెలన్నర కదపకూడదన్నాడు.

ఆ నెలన్నర చెట్లు తాయమ్మ చేతుల్లో ఉన్నాయి. అన్నిటినీ గడ్డపారతో పొడిచి పారేద్దామనుకుంది మొదటిరోజు. గడ్డపార తీసింది కూడా. బండల మధ్య వాడిపోయి పడి ఉన్న జువ్విని చూసి ఆగింది. దీనికి తెలుసా ఎవరి ప్రాణం తీశారో? గోడ పగుల్లో దాని మానాన అది ఉండేది. పాత సట్టి ఒకటి తెచ్చి, ఒండ్రు వేసి దాన్ని అందులో నాటింది. వేపా రావీ సర్దింది. ఒకటి రెండు బతకవని చూడగానే తెలిసింది.

మునిరత్నం వసారాలో మంచం మీద పడుకొని పొద్దున్నే అడిగేవాడు. "ఆకులు రాలినాయా?"

ఇంతకుముందైతే అబద్ధం చెప్పేది. ఇప్పుడు రాలినవన్నీ అరచేతిలో వేసుకొని వచ్చి అతని మంచం మీద పోసేది.

"రాలినాయి. పచ్చివే. ఇదో, సూడు."

అతని ముఖం బూడిదరంగుకు తిరిగేది. కళ్లు వీధి తలుపు వైపు పోయేవి. ఒళ్లంతా బిగుసుకొనేది. తాయమ్మ ఆ మంచం పక్కనే నేలమీద కూర్చొని చింతపండు పిక్కలు తీసుకుంటూ ఉండేది. తలుపు తెరుచుకునేది కాదు. ఎవరూ వచ్చేవారు కాదు. కాసేపటికి ఆమె లేచి పొయ్యి రాజేసేది.

"ఇన్ని రాలినాయి కదా, ఎవురైనా వచ్చినారా?" అనేది పోతూ పోతూ.

మొదటి వారం అతను తలుపు వైపే చూసేవాడు. తర్వాత ఒకరోజు "రాలేదు" అన్నాడు. మరో రోజు ఏడ్చాడు. ఇంకోరోజు పక్కనున్న చెంబు తీసి ఎడమచేత్తో ఆమె మీదికి విసిరాడు. అది గోడకు తగిలింది. తాయమ్మ రోకలి తెచ్చి మంచానికి ఆనించి, మళ్లీ చింతపండు ముందు కూర్చుంది.

కట్టు విప్పాక చెయ్యి కాస్త వంకరగానే కుదిరింది. బరువు ఎత్తలేడు కానీ వేళ్లు ఆడుతున్నాయి. పుత్తూరునుంచి ఇంటికి వచ్చిన మూడోనాడు, పట్టపగలు, సంతోషమ్మ మేక తాడు తెంపుకొని పెరట్లోకి దూరింది. తాయమ్మ చూసేసరికి చింతచెట్టు సగం దాని నోట్లో ఉంది. చూరులోని బెత్తం చేతికి అందితే లాగి, అదిలిస్తూ పరుగెత్తింది. మేక గోడ దూకి పారిపోయింది. మూకుడులో మోడు మిగిలింది.

చప్పుడుకు మునిరత్నం వచ్చాడు. మోడును చూశాడు. తాయమ్మ చేతిలో బెత్తం చూశాడు.

అతని మోకాళ్లు నేలకు దిగాయి. వంకర చెయ్యి నొప్పి పెడుతున్నా రెండు చేతులూ తలమీదికి చేర్చాడు. తల వంచి, వీపు ఆమెకు అప్పగించి, కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఆ లెక్క తనే మొదలుపెట్టాడు.

తాయమ్మకు ఒక్క క్షణం ఒళ్లంతా వేడెక్కింది. ముసురులో నిలబెట్టిన రోజు, చెంగయ్య చెవి, సంతోషమ్మ నుదురు, పోయిన కన్ను అన్నీ ఆ బెత్తంలోకి వచ్చి చేరాయి. చెయ్యి దానంతటదే లేచింది. ఆ వీపు మీద కొట్టడం ఎంత సులువో, కొట్టాక ఎంత హాయిగా ఉంటుందో చేతికి ముందే తెలిసినట్టుంది. ఆ హాయి తలుచుకుంటేనే ఆమెకు భయం వేసింది. బెత్తాన్ని మోకాలికి ఆనించి విరిచింది. గట్టి వెదురు, ఒక పట్టాన విరగలేదు. మెలితిప్పి, తొక్కి, చీల్చి, వంటింట్లోకి వెళ్లి పొయ్యిలో పెట్టి వచ్చింది. అతను ఇంకా అలాగే ఉన్నాడు.

ఎండలో అతని ఎదురుగా కూర్చుంది.

"కండ్లు తెరువు. మేక తినింది. చింతచెట్టును మేక తినింది, అంతే. లెయ్యి."

అతను లేవలేదు. ఆమె అతని చేతులు తలమీదినుంచి దించబోయింది. రాయిలాగా ఉన్నాయి. లాగలేదు ఇంక. ఊరికే కూర్చుంది. నీడ బావి దగ్గరనుంచి బండల దాకా జరిగింది. సంతోషమ్మ గోడమీదినుంచి తొంగిచూసి, తిట్టబోయి, ఆగి, తలకాయ లోపలికి తీసుకుంది. చాలాసేపటికి మునిరత్నం కళ్లు తెరిచి మోడును చూశాడు.

"మేకా?" అన్నాడు.

"మేకే."

"ఎవురూ రాలా?"

"రారు. యాడున్నారు వాళ్లు రానీకి? పోయినారు కదా అందురూ."

చేతులు దించి, ముఖం కప్పుకొని, ముందుకు పడిపోయాడు. నేలకు నుదురు ఆనించి ఏడుస్తూ ఆదికేశవులు పేరు చెప్పాడు. ఇంటికి వచ్చాక ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని కాదు. వానాకాలంలో ఒకసారి మళ్లీ చెయ్యి ఎత్తాడు. తాయమ్మ రోకలి వైపు నడిచింది, అతను చెయ్యి దించి బయటికి వెళ్లిపోయాడు, రెండు రోజులు రాలేదు. చెంగయ్య నెలకొకసారి వచ్చి వదినకు సామాన్లు ఇచ్చి వీధిలోనుంచే వెళ్లేవాడు. అన్న పిలిస్తే పలికేవాడు కాదు. ఒకసారి మునిరత్నం తమ్ముడి చెవి వైపు చెయ్యి చాచాడు, చూద్దామనో ఏమో. చెంగయ్య ఆ చేతిని పట్టి విదిలించాడు, విరిగిన ఎముక మీద పట్టి మరీ. మునిరత్నం నొప్పికి కేక పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెట్ల కత్తెర తాయమ్మ నడుములోనే ఉండేది. చిగురు గిల్లాలన్నా అతను ఆమెను అడగాల్సిందే.

మరుసటి ఏడు ప్రేమానందం మళ్లీ వచ్చాడు. వస్తాడని ఎవరూ అనుకోలేదు. ఒక కన్ను మూసుకుపోయి, దాని మీద మచ్చ తాడులాగా ఉంది. పెరట్లోకి రానన్నాడు. వీధి అరుగు మీదే కూర్చున్నాడు. తాయమ్మ అన్నం తెచ్చింది. మునిరత్నం ఆమె చేతిలోంచి గిన్నె తీసుకొని, వంకర చేత్తోనే, సగం ఒలకబోస్తూ ప్రేమానందానికి వడ్డించాడు.

ప్రేమానందం తల ఎత్తకుండా తిన్నాడు. కొంతసేపటికి అడిగాడు.

"ఉండాయా అవి?"

"ఉండాయి."

"బాగుండాయా?"

"రావి సచ్చిపోయింది," అన్నాడు మునిరత్నం.

ఆ మాటకు ఇద్దరి భుజాలూ బిగుసుకున్నాయి. ఇద్దరి కళ్లూ వీధి మొదటి వైపు పోయాయి. ఒక ముసలాయన ఎద్దుల్ని తోలుకొని వెళుతున్నాడు. ఇంకెవరూ లేరు. దుమ్ము లేచి అణిగింది.

"ఇంకొంచెం చారు పొయ్యి," అన్నాడు ప్రేమానందం.